సత్యరాజును ఆడుమళయాళం పంపిన పంతులుగారు

రాజమహేంద్రవరంలో చదువుకునే వాళ్ళకి కందుకూరి వీరేశలింగం పంతులుగారిని కొత్తగా పరిచయం చెయ్యనక్కరలేదు. ఆయన పుట్టిన ఇల్లు ఈ ఊళ్ళోనే ఉంది. ఆయన కట్టించిన పురమందిరం ఉంది. ఆయన తన యావదాస్తినీ ధారపోసిన హితకారిణీ సమాజం పేరు వినని వారు లేరు. వితంతు వివాహాలు జరిపించారనీ, తెలుగు నవలకు బాట వేశారనీ చిన్న తరగతుల్లో చదివాం, పరీక్షలో రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. దాంతో ఆయన రుణం తీరిపోయిందనుకున్నాం. ఆయన రాసిన ఒక చిత్రమైన పుస్తకం మాత్రం మనలో చాలామంది చేతికి రాలేదు. ఆ పుస్తకాన్ని ఆధారం చేసుకుని ఆయన జీవితాన్ని మరోసారి చెప్పుకోవాలని నా ప్రయత్నం.

ఇంగ్లీషు వైజ్ఞానిక నవలలు చదివే మిత్రులు మన కళాశాలలో కొందరున్నారు. వాళ్ళ చేతుల్లో తరచు కనిపించే పుస్తకం ఉర్సులా లె గ్విన్ అనే అమెరికన్ రచయిత్రి 1969లో రాసిన ‘లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’. వైజ్ఞానిక కల్పనకిచ్చే హ్యూగో, నెబ్యులా బహుమతులు రెండూ దానికి వచ్చాయి. అది ఒంటరి నవల కాదు, అనేక గ్రహాల కథలు చెప్పే ఒక పెద్ద వరుసలో ఒకటి. అందులోని మంచుగ్రహంలో మనుషులు శాశ్వతంగా ఆడవారూ కారు, మగవారూ కారు. మన లోకం నుంచి అక్కడికి వెళ్ళిన దూత ప్రతి మనిషిలోనూ ఆడో మగో వెతుక్కుంటూ తికమక పడతాడు. మనం ప్రకృతి సహజం అనుకునేవాటిలో ఎన్ని ఒట్టి అలవాట్లో ఆ తికమకలోనే బయటపడుతుంది.

ఇలాంటి ఊహ మన తెలుగులో ఎవరైనా చేశారా అని ఒక మిత్రుడు అడిగాడు. చేశారు. 1890ల తొలి సంవత్సరాల్లో, ఈ రాజమహేంద్రవరంలోనే చేశారు. చేసినాయన ఒక తెలుగు పండితుడు.

వీరేశలింగం గారు 1848 ఏప్రిల్ 16న పుట్టారు. తల్లి పున్నమ్మ, తండ్రి సుబ్బరాయుడు. పుట్టిన కొద్ది నెలలకే మశూచికం సోకింది. నాలుగేళ్ళ వయసులో తండ్రి పోయారు. పెదతండ్రి వెంకటరత్నం గారి అండలో పెరిగారు. శరీరం ఎప్పుడూ బలహీనమే. దగ్గూ ఆయాసమూ చివరిదాకా వదలలేదు. 1861లో పెళ్ళయింది. వరుడికి పదమూడేళ్ళు, వధువు ఇంకా చిన్నపిల్ల. ఆమె పేరు బాపమ్మ. అత్తవారింట రాజ్యలక్ష్మి అయింది. బాల్యవివాహాన్ని జీవితాంతం ఎదిరించిన మనిషి తానే బాల్యవివాహం చేసుకున్నవాడు. ఆచారం అనేది మన అనుమతి అడిగి మన మీదికి రాదు కదా!

1869లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. ఆ చదువుతో ఆ రోజుల్లో ఏదో ఒక కచేరీలో గుమాస్తాగా చేరి మెల్లిగా పైకి పోవచ్చు. ఆయన మాత్రం బడిపంతులుగా ఉండిపోయారు. కోరంగిలో ఇంగ్లీషు బడికీ, తరువాత ధవళేశ్వరంలో బడికీ ప్రధానోపాధ్యాయులుగా పనిచేశారు. ధవళేశ్వరం అంటే కాటన్ దొర ఆనకట్ట కట్టి అప్పటికి పాతికేళ్ళు కూడా నిండలేదు. డెల్టా పచ్చబడింది, పొలాలకి నీళ్ళొచ్చాయి, చేతుల్లో డబ్బాడుతోంది. కచేరీల్లో లంచాలూ, ఊళ్ళో భోగం మేళాలూ దాంతోపాటే పెరిగాయి. ఆ ధవళేశ్వరంలోనే 1874లో ఆయన ఆడపిల్లలకి బడి పెట్టారు. అదే ఏడాది ‘వివేకవర్ధని’ పత్రిక మొదలుపెట్టారు. తరువాత రాజమహేంద్రవరంలో సొంత అచ్చుకూటం పెట్టుకున్నారు. లంచగొండుల గుట్టు పత్రికలో రట్టు చేస్తుంటే ఊరు వేడెక్కింది. ఆ పత్రికలో హాస్యానికంటూ ‘హాస్యసంజీవని’ నడిపారు. గట్టిగా తిట్టడం కంటే నవ్వించడమే ఎక్కువ దెబ్బ కొడుతుందని ఆయనకి అప్పుడే తెలిసిందనుకుంటాను.

ఆయనకి మొదట్లో ఉన్న పేరు వేరు. అచ్చ తెలుగులో, పెదవులు తగలని అక్షరాలతో, నడుమ వచనమన్నది లేకుండా నలచరిత్ర రాసిన ఘనుడాయన. ‘శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధం’ అనే ఆ పేరు పలకడమే మనకి ఒక పరీక్ష. అంత విద్య చేతిలో ఉన్నవాడు ఆ దారి వదిలేసి, పదిమందికీ తెలిసే వచనంలోకి దిగాడు. ఆయన చేసిన త్యాగాల్లో దీన్ని ఎవరూ లెక్కవెయ్యరు. నేను వేస్తాను. తనకి చప్పట్లు తెచ్చిపెట్టే పనిని కావాలని మానుకోవడం మాటలు కాదండీ.

1878లో ‘రాజశేఖర చరిత్ర’ వివేకవర్ధనిలో రాసాగారు. అదే ఏడాది ఇక్కడ సంఘసంస్కరణ సమాజం పెట్టారు. ఆ నవలని హచిన్సన్ అనే ఆయన ఇంగ్లీషు చేస్తే 1887లో లండనులో అచ్చయింది. ఇక 1879లో వితంతు వివాహం మీద ఉపన్యాసాలు ప్రారంభించారు. పండితులు శాస్త్రం చూపించి వద్దన్నారు. ఆయనా శాస్త్రమే చూపించి చెయ్యవచ్చునన్నారు. వాళ్ళు ఒక స్మృతి తెస్తే ఈయన ఒక స్మృతి తెచ్చారు. సభలు జరిగాయి, కరపత్రాలు నడిచాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చునని చట్టం వచ్చింది 1856లో. అప్పటికి వీరేశలింగం గారు ఎనిమిదేళ్ళ పిల్లవాడు. ఈ ఊళ్ళో తొలి వితంతు వివాహం జరిగింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్ళు. చట్టం కాగితం మీద అలాగే ఉంది, పిల్లలు వంటింటి మూలల్లో అలాగే ఉన్నారు. చట్టానికీ మనసుకీ మధ్య ఉన్న ఆ పాతికేళ్ళ దూరమే పంతులుగారి అసలు శత్రువు.

ఆ తొలి పెళ్ళి ఎలా జరిగిందో మన విద్యార్థి సంఘం వారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. పెళ్ళికొడుకు గోగులపాటి శ్రీరాములు, పెళ్ళికూతురు ఒక బాలవితంతువు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య గారు ధనసహాయం చేశారు. ఊళ్ళో అల్లరి జరుగుతుందన్న భయం ఉంటే విద్యార్థులు కాపలా కాశారు. పెళ్ళయిన తరువాత వెలి వచ్చింది. వెళ్ళినవాళ్ళకీ, భోంచేసినవాళ్ళకీ ప్రాయశ్చిత్తాలు విధించారు. పక్కన నిలబడతామన్న పెద్దమనుషుల్లో కొందరు ప్రాయశ్చిత్తం చేయించుకుని వెనక్కి తగ్గారు. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు రాలేదు. రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరి నుంచి బిందెలు మోసి, తానే వండి, ఇంటికొచ్చిన వధూవరులకి వడ్డించారు. సంస్కరణ అని మనం పుస్తకాల్లో చదువుకునేదాని బరువు ఎంతో ఆ తల్లి చంకకి తెలుసు. కొద్ది రోజుల్లోనే రెండో పెళ్ళి, ఆ తరువాత మరికొన్ని జరిగాయి. పుట్టింటికి దూరమైన ఆడపిల్లలకి పురుడు పోసిందీ, కన్నతల్లిలా చూసుకుందీ ఆవిడే.

ఇదంతా ప్రసిద్ధమైన కథ. దీని తరువాతనే నేను చెప్పదలుచుకున్న పుస్తకం వచ్చింది.

పదేళ్ళ పాటు వాదించీ, పెళ్ళిళ్ళు చేయించీ, తిట్లు తినీ ఆయనకి ఒకటి అర్థమై ఉండాలి. శాస్త్రానికి శాస్త్రం జవాబు చెబుతుంది. స్మృతికి స్మృతి అడ్డం పడుతుంది. కాని వాదంలో ఓడినవాడు ఇంటికి వెళ్ళి మళ్ళీ పాతదే చేస్తాడు. అతని బుద్ధిని గెలిచినా అతని అలవాటుని గెలవలేదు. అలవాటుని పట్టుకోవాలంటే దాన్ని ముందు అతనికి పరాయిదిగా చూపించాలి. రోజూ చూసే ముఖాన్ని అద్దంలో కుడియెడమలు మార్చి చూపించినట్టు.

1726లో జోనాథన్ స్విఫ్ట్ ఇంగ్లీషులో ‘గలివర్ యాత్రలు’ రాశాడు. అందులో నాలుగు యాత్రలున్నాయి: మరుగుజ్జుల దేశం, మహాకాయుల దేశం, ఎగిరే దీవి, గుర్రాల దేశం. ఒక్కో దేశంలో ఒక్క సంగతి మార్చి, మిగతాదంతా దాన్ని బట్టి నడిపించాడు. వీరేశలింగం గారు ఆ పద్ధతి పట్టుకున్నారు. ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’ రాశారు. ఒక తెలుగు బ్రాహ్మణుడు దేశాలు తిరిగి తన అనుభవాలు తానే చెప్పుకుంటాడు. ఇవీ వరుస యాత్రలే, రెండు భాగాలున్నాయి. మొదటిది ఆడుమళయాళం, రెండోది లంకాద్వీపం. లంకాద్వీపంలో మహాకాయులుంటారు, వాళ్ళ మధ్య సత్యరాజు బొమ్మలాంటివాడు. ఇది స్విఫ్ట్ రెండో యాత్రకి దగ్గర. కాని మొదటి భాగంలో స్విఫ్ట్ దేశాలేవీ కనబడవు. అది పంతులుగారి సొంత దేశం.

ఆడుమళయాళంలో రాజ్యం ఆడవాళ్ళది. ఉద్యోగాలు వాళ్ళవి, చదువు వాళ్ళది, వీధి వాళ్ళది. మగవాళ్ళు ఇంట్లో ఉంటారు. మగవాడికి చదువు చెబితే చెడిపోతాడని అక్కడి పెద్దల నమ్మకం. మన దగ్గర పాతివ్రత్యం ఉన్నట్టే అక్కడ పత్నీవ్రత్యం ఉంది. భార్యే మగవాడికి దైవం. భార్య పోయిన మగవాడి గతి మన ఊళ్ళల్లో వితంతువు గతిలాంటిదే. దానికి శాస్త్రాలున్నాయి, పురాణాలున్నాయి, అవి చదివి వినిపించే పండితురాళ్ళున్నారు. తెలుగుదేశపు బ్రాహ్మణుడు, అంటే ఇంటి దగ్గర ఈ వ్యవస్థలో పై మెట్టు మీద కూర్చున్నవాడు, అక్కడికి వెళ్ళి కింది మెట్టు నుంచి దాన్ని చూడవలసి వచ్చింది. అదీ పంతులుగారి ఎత్తు. ఆయన పాఠకుడికి నీతి చెప్పరు. పాఠకుడే మగవాడి మీద జాలిపడతాడు. జాలిపడ్డ మరుక్షణం, అయ్యో, ఇది మా ఇంట్లో జరిగేదే కదా అని నాలిక కరుచుకుంటాడు.

నేను ఈ కథ మా ఇంట్లో ఒకసారి చెప్పాను. నాన్నగారు నవ్వారు. అన్నయ్య పడీ పడీ నవ్వాడు. అమ్మ నవ్వలేదు. లోపలికి వెళ్ళి పని చూసుకుని కాసేపటికి వచ్చి, ఆ దేశంలో మగవాళ్ళు అన్నం ఎప్పుడు తింటారే అని అడిగింది. అందరూ తిన్నాక మిగిలితేనా అంది. ఎవరూ ఏమీ అనలేదు. పుస్తకం వచ్చి నూరేళ్ళు దాటినా దాని పదును తగ్గలేదని నాకు ఆ పూట తెలిసింది.

ఇది వైజ్ఞానిక కల్పన అవుతుందా అని అడగవచ్చు. ఇందులో రాకెట్లు లేవు, యంత్రాలు లేవు, నిజమే. ఈ నవలకి బహుమతీ రాలేదు. అయితే వైజ్ఞానిక కల్పనకి యంత్రం ప్రాణం కాదు. లోకంలో ఒక్క నియమం మార్చి, తక్కినవన్నీ ఏమవుతాయో నిజాయితీగా చూడడమే దాని ప్రాణం. లాబరేటరీలో మనం చేసే ప్రయోగమూ అదే: ఒకటి మార్చి మిగతావి గమనించడం. పంతులుగారికి ఈ దృష్టి ఊరికే రాలేదు. ఆయన శారీరశాస్త్రం మీద, జ్యోతిశ్శాస్త్రం మీద, జంతువుల స్వభావాల మీద తెలుగులో పుస్తకాలు రాశారు. గ్రహణం ఎందుకు పడుతుందో, నెత్తురు ఎలా పారుతుందో తెలిస్తే మూఢనమ్మకం దానంతటదే సడలుతుందని ఆయన ఆశ. సైన్సు విద్యార్థులు ఈ సంగతి తెలుసుకోవాలి. సైన్సుని తెలుగు ఇళ్ళలోకి తెచ్చినవాళ్ళలో మొదటి వరుసలో నిలబడ్డది ఒక తెలుగు పండితుడు.

బహుమతి మాట వచ్చింది కనక ఒక ముచ్చట చెప్పాలి. ఆ రోజుల్లోనే న్యాపతి సుబ్బారావు పంతులుగారు ‘చింతామణి’ మాసపత్రిక నడిపారు. ఆరంభంలో దానికి వీరేశలింగం గారే సంపాదకులు. నవలలకి పోటీ పెట్టి బహుమతులిచ్చిన పత్రిక అది. కంటిచూపు సరిగా లేని చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు 1894లో ‘రామచంద్రవిజయం’తో ఆ బహుమతి అందుకున్నారు. తెలుగు నవలకి పోటీలూ బహుమతులూ మొదలైంది ఈ ఊరి పత్రికతోనే అంటే మనకి గర్వకారణం.

ఆడుమళయాళం వచ్చిన పదేళ్ళు దాటాక, 1905లో, బెంగాలుకి చెందిన బేగం రొకయా ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే కథ ఇంగ్లీషులో రాసింది. మద్రాసులో కమలా సత్యనాథన్ అనే తెలుగు మహిళ నడిపిన ‘ఇండియన్ లేడీస్ మాగజైన్’లో అది అచ్చయింది. అందులోనూ ఆడవాళ్ళే రాజ్యం చేస్తారు, మగవాళ్ళు ఘోషాలో ఉంటారు. కాని తేడా చూడండి. రొకయా దేశంలో స్త్రీలు ఎండని పట్టి వాడుకుంటారు, మబ్బుల్లోంచి నీళ్ళు దింపుకుంటారు. అది కోరుకోదగ్గ లోకం. పంతులుగారి దేశం కోరుకోదగ్గది కాదు. అక్కడి ఆడవాళ్ళు ఇక్కడి మగవాళ్ళంత కఠినులు. ఆడదాని పెత్తనం వస్తే ఎంత ఘోరమో అని ఎవరైనా దీన్ని తిరగేసి చదువుకోవచ్చు. అలా చదివి నవ్వుకుని పక్కన పెట్టేసే అవకాశం ఆ పుస్తకంలో ఉంది, దాన్ని దాచనక్కరలేదు. రొకయా స్త్రీగా లోపలి నుంచి కల కన్నది. పంతులుగారు మగవాడిగా మగవాళ్ళకి చురక పెట్టారు. కల వేరు, చురక వేరు. మన దేశానికి రెండూ కావలసి వచ్చాయి. నా వరకు నేను పంతులుగారి పుస్తకంలోంచి తీసుకున్న మాట ఇది: ఎవరు పైన కూర్చున్నారన్నది కాదు, ఒకరి మీద ఒకరు కూర్చోవడమే తప్పు.

తరువాతి కథ క్లుప్తంగా చెబుతాను. 1890లో పురమందిరం కట్టించారు. 1893లో ప్రభుత్వం రావుబహద్దూర్ బిరుదు ఇచ్చింది. 1898లో మద్రాసులో జరిగిన సంఘసంస్కరణ మహాసభకి అధ్యక్షత వహించారు. 1899లో ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులయ్యారు. కాలేజీ మెట్టెక్కి డిగ్రీ పుచ్చుకోని మనిషి ఆ పెద్ద కళాశాలలో పాఠం చెప్పారు. పదవి విరమించి తిరిగి గోదావరి ఒడ్డుకి వచ్చేశారు. 1906లో హితకారిణీ సమాజం స్థాపించి, ఇళ్ళూ తోటలూ పుస్తకాల మీద హక్కులూ అన్నీ దానికి రాసిచ్చారు. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు పోయారు. నలభైతొమ్మిదేళ్ళ సహచర్యం అది. ఆ మరుసటి ఏడాదే ఆయన స్వీయచరిత్ర మొదటి భాగం వచ్చింది, 1915లో రెండోది. జీవితమంతా గ్రాంథికంలో రాసినవాడు 1919లో వాడుకభాష కోసం గిడుగు రామమూర్తి గారు తదితరులు పెట్టిన సమాజానికి అధ్యక్షుడుగా ఉండడానికి ఒప్పుకున్నారు. డెబ్భై ఏళ్ళు దాటాక కూడా అభిప్రాయం మార్చుకోగలగడం చూడండి! ఆ ఏడాది మే 27న మద్రాసులో కన్నుమూశారు.

మహనీయుల జీవితం చెప్పి చివర దండం పెట్టి ఊరుకోవడం మనకి అలవాటు. పంతులుగారికి దండాలు చాలానే పడ్డాయి. ఆయన వాడిన పనిముట్టుని మాత్రం మనం తుప్పు పట్టించేశాం. వరకట్నం నిషేధిస్తూ 1961లో చట్టం వచ్చింది. పంతులుగారి కాలంలో చట్టానికీ పెళ్ళికీ మధ్య పాతికేళ్ళు పట్టిందన్నాం. మనకి అరవై ఏళ్ళు దాటిపోయాయి. పెళ్ళికొడుకు చదువుని బట్టి రేటు ఇంకా పలుకుతూనే ఉంది. నాకు తెలిసిన ఒక ఊళ్ళో ఆడపిల్లల వసతిగృహానికి పొద్దు గుంకకుండానే తాళం పడుతుంది, మగపిల్లల గేటు రెండో ఆట సినిమా వదిలేదాకా తెరిచే ఉంటుంది. అల్లరి చేసేది ఒకరు, తాళం ఇంకొకరికి. ఇదేమిటని అడిగితే, రక్షణ కోసం అంటారు.

మన సంఘం ఏటా వక్తృత్వపు పోటీలు పెడుతుంది. స్త్రీ స్వాతంత్ర్యం కావాలా వద్దా అని ఇంకా విషయం ఇస్తూనే ఉన్నాం. ఇరుపక్షాల వాళ్ళూ శాస్త్రానికి శాస్త్రం చెప్పినట్టే చెప్పి, కప్పు పుచ్చుకుని వెళ్ళిపోతున్నారు. ఈసారి ఒక చిన్న మార్పు చేద్దాం. మన ఇంట్లోనో, హాస్టల్లోనో, పెళ్ళిచూపుల్లోనో ఉన్న ఒక్క నియమం తీసుకుని, ఆడ అన్నచోట మగ అనీ, మగ అన్నచోట ఆడ అనీ మార్చి, సభలో పైకి చదువుదాం. చదివిన తరువాత వాదన ఏమీ అక్కరలేదు. సభలో ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో చూస్తే చాలు.